నెల్లూరు నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు?

జనవరిలో మా వీధి చివరింటి పెద్దావిడ కూతురి కాన్పుకి డాలస్ బయలుదేరింది. విమానం ఎక్కడం అదే మొదలు, పైగా ఒంటరిగా. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ భర్త ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. విమానం ఎక్కడ ఉందో చూపించే యాప్ తెరిచి నా ముందు పెట్టారు. "ఇదేంది నాయనా, అమెరికా పడమర గదా! దుబాయ్‌లో లేచినకాడ్నుంచి పైకే పోతా ఉండాది. దారేమన్నా తప్పిందా?" ఆయన ముఖంలో టెన్షన్ చూశాక ఒక్క మాటతో సరిపెట్టి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. కూర్చోబెట్టాను.

ఆయన జేబులో ఒక కాగితం కూడా ఉంది. బంధువులు తలా ఒకటి చెబితే, ఇంటర్నెట్‌లో ఇంకొకటి కనిపిస్తే, అన్నీ రాసుకున్నారు. దూరం కింద 14,750, 9,170, 15,850 అని, గంటల కింద పదహారున్నర, 20, 23, పదకొండున్నర అని. "వీటిలో ఏది నిజం?" అని అడిగారు. అన్నీ నిజమే. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. ఏ ప్రశ్నకో పక్కన రాసి లేకపోవడం వల్లే ఇంత తికమక. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వీధికి నాలుగైనా ఉంటాయి. ఆయనకు చెప్పినదే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

దూరాన్ని మనమే లెక్క కట్టొచ్చు

బంతి మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారం బిగించి పట్టుకుంటే, ఆ దారం పొడవే ఆ రెండు చుక్కల మధ్య అతి తక్కువ దూరం. భూమి మీద దారం పడే ఆ గీతను మహావృత్త మార్గం అంటారు. రెండు ఊళ్ల మధ్య దూరం అని వెబ్‌సైట్లు చూపించేది చాలాసార్లు ఇదే. రోడ్డుతో గానీ విమానం తిరిగే దారితో గానీ దానికి సంబంధం లేదు.

ఈ దూరం కట్టడానికి మామూలుగా త్రికోణమితి కావాలి. నెల్లూరు–డాలస్ జతకు మాత్రం కూడికలు, తీసివేతలు, ఒక గుణింతం వస్తే చాలు. నెల్లూరు ఉన్నది దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. డాలస్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. రెండూ కలిపితే 177. భూగోళానికి ఇటు నుంచి సరిగ్గా అటు పక్క అంటే 180. అంటే డాలస్ మనకు దాదాపుగా ఆవలి వైపున ఉంది. ఆవలి వైపుకు దగ్గరి దారి పడమరా కాదు, తూర్పూ కాదు. ఉత్తర ధ్రువం మీదుగా.

నెల్లూరు అక్షాంశం 14.4 డిగ్రీలు, కాబట్టి ఇక్కడి నుంచి ధ్రువానికి 75.6 డిగ్రీలు. డాలస్ అక్షాంశం 32.9, కాబట్టి ధ్రువం నుంచి అక్కడికి 57.1 డిగ్రీలు. మొత్తం 132.7. భూమి మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 14,750 చిల్లర. కచ్చితమైన మహావృత్త లెక్క కూడా దీనికి పది కిలోమీటర్ల తేడాలోనే వస్తుంది.

పెద్దాయన కాగితంలో మొదటి అంకె అదే. రెండోదైన 9,170 కూడా అదే దూరం, కాకపోతే మైళ్లలో. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో చెబితే దాదాపు 7,965. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం దూరమే అది. ఏ కొలతో రాయకుండా అంకె ఒక్కటే చెబితే ఇలా ఒకే దూరం మూడు దూరాలుగా కనిపిస్తుంది.

మన ఊరి నుంచి సూటిగా ఉత్తరానికి

ఆ ధ్రువం గీత పట్టుకుని మనసులోనైనా ఒకసారి ప్రయాణం చేసి చూడండి. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. నెల్లూరు నుంచి అటూ ఇటూ తిరక్కుండా ఉత్తరానికి వెళితే జబల్‌పూర్ తగులుతుంది. ఇంకా పైకి వెళితే ఉత్తరాఖండ్‌లో నందాదేవి, 7,816 మీటర్ల శిఖరం. దాని రేఖాంశం, మన నెల్లూరు రేఖాంశం దాదాపు ఒకటే. ఆ తర్వాత టిబెట్ పీఠభూమి, చైనా పడమటి కొస, కజకిస్తాన్ తూర్పు అంచు, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం, ధ్రువం. ధ్రువం దాటగానే ఉత్తరం అనేది అయిపోతుంది, అక్కడి నుంచి దిక్కులన్నీ దక్షిణమే. కెనడా మంచు దీవులు, విన్నిపెగ్ నగరం, అమెరికాలో డకోటా మైదానాలు, ఓక్లహామా, ఆపైన డాలస్. విన్నిపెగ్, డాలస్ కూడా ఒకే రేఖాంశం మీద ఉన్న ఊళ్లు.

అలా కాకుండా అమెరికా పడమరే కదా అని నెల్లూరు అక్షాంశాన్నే పట్టుకుని వెళ్లామనుకోండి. 177 డిగ్రీలు పడమరకు పోవడానికి 19,000 కిలోమీటర్లకు పైగా, అక్కడి నుంచి డాలస్ దాకా పైకి ఎక్కడానికి మరో 2,000. మొత్తం 21,000 దాటుతుంది. ధ్రువం దారి కంటే 6,000 కిలోమీటర్లు ఎక్కువ.

మ్యాపులో గీత ఎందుకు వంగుతుంది?

నిమ్మకాయ తొక్కను చింపకుండా బల్ల మీద సాపుగా పరవలేం. భూమిని కాగితం మీద పరిచేటప్పుడూ అదే ఇబ్బంది. ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. మన బడి గోడల మీద, చాలా ఫోన్ యాప్‌లలో కనిపించే చతురస్రాకారపు మ్యాపుకు మూలం 1569లో మెర్కేటర్ గీసిన పటం. ఓడ ఏ దిక్కుకు పోవాలో తేలిగ్గా తెలియడానికి గీసిన పటం అది. ఆ పనికి గొప్పగా ఉపయోగపడింది. కానీ ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ నేల అందులో సాగిపోతుంది. ఆ మ్యాపులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు పెద్దది.

అందుకే గోళం మీద తిన్నగా ఉన్న దారి ఆ మ్యాపు మీద పైకి లేచి మళ్లీ కిందికి దిగే విల్లులా కనిపిస్తుంది. దుబాయ్ నుంచి డాలస్‌కి దారం పట్టి చూస్తే అది ఇరాన్, రష్యా మీదుగా ఐస్‌లాండ్‌కి పైన, ఆర్కిటిక్ వలయం దాకా వెళ్లి, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడాలోకి దిగుతుంది. పెద్దావిడ విమానం పోతున్నది సుమారుగా ఆ దారినే. మా అబ్బాయి గ్లోబు తెచ్చి, దారం వేసి చూపించాక పెద్దాయన కాస్త ఊపిరి తీసుకున్నారు.

దగ్గరి దారిలో నేరుగా ఎందుకు పోరు?

"ధ్రువం మీదుగా దగ్గరైతే మద్రాసులో ఎక్కి డాలస్‌లో దిగొచ్చు గదా, మధ్యలో దుబాయ్ దేనికి?" అన్నారాయన వెంటనే. మంచి ప్రశ్న.

అంత దూరం ఆగకుండా ఎగరగల విమానాలు ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు, ఆగకుండా పద్దెనిమిది గంటలకు పైగా ఎగిరే సర్వీసు నడుస్తోంది. కాబట్టి దూరం ఒక్కటే అడ్డం కాదు.

మొదటి అడ్డం టిబెట్. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైనుంచి మాస్కులు జారుతాయి. చాలా విమానాల్లో వాటిలో ఆక్సిజన్ పావుగంట, ఇరవై నిమిషాలకు మించి రాదు. ఆలోపు పైలట్ విమానాన్ని 10,000 అడుగులకు, అంటే దాదాపు 3,000 మీటర్లకు దించాలి. టిబెట్‌లో నేల ఎత్తే సగటున 4,500 మీటర్లు. దించడానికి చోటు లేదు. ప్రత్యేక ఏర్పాట్లు లేనిదే ఆ మీదుగా పోవడం కుదరదు.

రెండోది, రెండు ఇంజన్ల విమానం ఎక్కడ ఉన్నా, ఒక ఇంజన్ ఆగితే రెండోదానితో నిర్ణీత సమయంలోపు చేరగల విమానాశ్రయం ఒకటి ఉండాలి. ఆర్కిటిక్‌లో అలాంటివి తక్కువ. చలి కూడా లెక్కలోకి వస్తుంది. జెట్ ఇంధనంలో ఎక్కువ దేశాల్లో వాడే రకం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అందుకని ధ్రువ ప్రాంతాల మీద ఎగిరేటప్పుడు పైలట్లు ఇంధనం ఉష్ణోగ్రతను కనిపెడుతూ ఉంటారు.

మూడోది ఆకాశం మీద దేశాల హక్కు. ప్రతి దేశం తన నేల పైనున్న ఆకాశాన్ని ఎవరికి తెరవాలో, ఎవరికి మూయాలో తానే నిర్ణయిస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, ఐరోపా విమాన సంస్థలకు మూతపడింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని భారత విమాన సంస్థలకు మూసింది. ఆ తర్వాత ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. చెన్నై నుంచి దుబాయ్ వెళ్లేవాళ్లకు అది పెద్దగా తగల్లేదు, ఎందుకంటే ఆ దారి అరేబియా సముద్రం మీదుగా పోతుంది. కానీ అదే ఏడాది జూన్ 23న ఖతార్ తన ఆకాశాన్ని కొన్ని గంటలు మూసినప్పుడు దోహా మీదుగా టికెట్లు తీసుకున్న మనవాళ్లు ఇబ్బంది పడ్డారు. ఊళ్ల మధ్య దూరం మారదు గానీ, ప్రయాణ దూరం ఏ రోజుకారోజు మారొచ్చు.

చివరిది డబ్బు. రోజూ చెన్నై నుంచి ఒక్క డాలస్‌కే మూడు వందల సీట్లు, అందులో ఖరీదైన ముందు సీట్లతో సహా, నిండాలి. దుబాయ్‌లో ఆగే విమానానికి చెన్నై, కొచ్చి, ఢాకా, కొలంబో ప్రయాణికులు అందరూ వచ్చి కలుస్తారు. చెన్నై నుంచి అమెరికాలో ఏ ఊరికీ నేరు విమానం లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

దుబాయ్ దారి దగ్గరా, లండన్ దారి దగ్గరా?

దీని మీద మా బంధువుల్లోనే రెండు పక్షాలు ఉన్నాయి. లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చెన్నై–దుబాయ్ 2,930 కిలోమీటర్లు, దుబాయ్–డాలస్ 12,920. కలిపితే 15,850. చెన్నై–లండన్ 8,230, లండన్–డాలస్ 7,630. కలిపితే 15,860. పది కిలోమీటర్ల తేడా! చెన్నై–డాలస్ నేరు మహావృత్త దూరం 14,900 కాబట్టి రెండు దారుల్లోనూ చుట్టు తిరుగుడు 950 కిలోమీటర్లే, నూటికి ఆరు వంతులు.

దూరం సమానమైనప్పుడు తేడా మరెక్కడో ఉండాలి. దుబాయ్ దారిలో ఒకటి చిన్న ప్రయాణం, ఒకటి చాలా పెద్దది. నాలుగు గంటల్లో ఒకసారి దిగి, తర్వాత పదహారు గంటలు కూర్చోవాలి. లండన్ దారిలో రెండూ దాదాపు సమానం. మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు మధ్యలో లేచి నడవడం మంచిదని కొందరంటారు. నిద్ర పట్టేవాళ్లకు ఒకే పెద్ద ప్రయాణం నయమని ఇంకొందరు. గల్ఫ్ విమానాశ్రయాల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరో ఒకరు తగులుతారన్న ధైర్యం కూడా చిన్నదేమీ కాదు. అసలు ఆగకుండా పోవడమే ఉత్తమం, దిగి ఎక్కేచోటే సామాను తప్పేది అనే వాదనలోనూ బలం ఉంది. ఎవరి ఒంటికి, ఎవరి పర్సుకు ఏది సరిపడుతుందన్నది కిలోమీటర్లు తేల్చే విషయం కాదు.

పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ

దుబాయ్ నుంచి డాలస్‌కి సుమారు 16 గంటలు. అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు గంటకు పైనే తగ్గుతుంది. ఎందుకు?

"భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది గదా, పైకి లేచి ఉంటే డాలసే మన కిందికి రావాలి" అని చాలామంది అనుకుంటారు. చిన్నప్పుడు నేనూ అనుకున్నాను. అలాగైతే పోయేటప్పుడే తక్కువ టైం పట్టాలి, జరుగుతున్నది దానికి తలకిందులు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు దాటాక ఇంజను వైపు నడిచినా, గార్డు పెట్టె వైపు నడిచినా మీకు పట్టే టైం ఒకటే. బోగీ, అందులోని గాలి, మీరు అంతా కలిసే పోతున్నారు. నెల్లూరు దగ్గర నేల గంటకు 1,600 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తూర్పుకు తిరుగుతోంది. పైనున్న గాలి కూడా దాంతోపాటే తిరుగుతోంది. విమానం ఈదేది ఆ గాలిలోనే.

ఇక్కడ మన పక్కనున్న షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం గుర్తుకొస్తుంది. అక్కడ రాకెట్లను తూర్పు వైపు పంపితే భూమి తిరిగే వేగం కలిసి వస్తుందని అంటారు, అది నిజమే. రాకెట్ గాలిని దాటి వెళ్లి భూమి చుట్టూ తిరగాలి. దాని వేగాన్ని భూమి కేంద్రం నుంచి కొలుస్తారు. అందుకే సెకనుకు 450 మీటర్లు దానికి ఊరికే వచ్చిన లాభం. విమానం గాలిని దాటదు కాబట్టి ఆ లాభం దానికి లేదు.

తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, సరిగ్గా విమానాలు ఎగిరేచోట, పడమర నుంచి తూర్పుకు సాగే గాలి ప్రవాహం అది. గంటకు 100, 200 కిలోమీటర్లు మామూలు, చలికాలంలో 300 కూడా దాటుతుంది. భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువాల దగ్గర చలి ఉండటం వల్ల గాలి కదులుతుంది. భూమి తిరగడం వల్ల ఆ కదలిక తూర్పుకు మళ్లుతుంది. అంటే భూభ్రమణానికి పాత్ర ఉంది, కానీ గాలి ద్వారా.

లెక్క వేసి చూద్దాం. లండన్–డాలస్ దూరాన్ని 7,600 అనుకుందాం, విమానం వేగం గంటకు 900. గాలి లేకపోతే 8 గంటల 27 నిమిషాలు. గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే వేగం 800కి పడిపోయి తొమ్మిదిన్నర గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి నెడితే 7 గంటల 36 నిమిషాలు. పోనూ రానూ కలిపి 17 గంటల 6 నిమిషాలు. గాలే లేకుంటే 16 గంటల 53 నిమిషాల్లో అయిపోయేది. ఎదురుగాలిలో గడిపే టైం ఎక్కువ కాబట్టి అది తీసుకున్నంత వెనక గాలి తిరిగి ఇవ్వలేదు. అందుకే పైలట్లు పోయేటప్పుడు ఆ ప్రవాహాన్ని తప్పించుకునే దారి, వచ్చేటప్పుడు దాని నడుమ నుంచి వచ్చే దారి వెతుకుతారు. దూరం పెరిగినా టైం కలిసొస్తుంది.

టికెట్ మీది గంటలు

కాగితంలో పదహారున్నర ఎక్కడిదో ఇప్పుడు తెలిసిపోయింది. 14,750ని 900తో భాగించి వెబ్‌సైట్ చూపించిన అంకె అది. ఆ విమానమే లేదు. 20 అనేది రెండు విమానాల్లో గడిపే సమయం. ఇందులో ఎగిరే సమయమే కాదు, తలుపు మూసి కదిలినప్పటి నుంచి దిగిన ఊళ్లో నిలబడేదాకా అంతా కలిసి ఉంటుంది. రన్‌వే కోసం ఎదురుచూపు, ట్రాఫిక్ ఆలస్యాలకు ముందే కలుపుకున్న నిమిషాలు కూడా. దుబాయ్‌లో మూడు గంటల ఆగడం కలిపితే 23.

మరి పదకొండున్నర? పెద్దావిడ చెన్నైలో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి, అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకు డాలస్‌లో దిగుతున్నట్టు టికెట్ మీద ఉంది. ఆయన ఒకదాంట్లోంచి ఒకటి తీసేశారు. కానీ టికెట్ మీద ప్రతి సమయమూ ఏ ఊరిది ఆ ఊరి గడియారం ప్రకారమే రాస్తారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశపు గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది కాబట్టి సున్నా డిగ్రీల రేఖ దగ్గరి గ్రీనిచ్ సమయానికి ఐదున్నర గంటలు ముందు. డాలస్ చలికాలంలో దానికి ఆరు గంటలు వెనక. తేడా పదకొండున్నర. టికెట్‌లో కనిపించే పదకొండున్నరకు ఈ పదకొండున్నర కలిపితే 23 వస్తుంది. వేసవిలో అమెరికావాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా. అప్పుడు తేడా పదిన్నర.

తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం 12కి డాలస్‌లో బయలుదేరి 22 గంటల్లో చెన్నై చేరినా, ఇక్కడ గడియారంలో శనివారం రాత్రి తొమ్మిదిన్నర. చూడ్డానికి ముప్పైమూడున్నర గంటల ప్రయాణంలా ఉంటుంది. కారు మాట్లాడుకునేవాళ్లు తేదీ పొరబడేది ఇక్కడే. టికెట్‌లో సమయం పక్కన చిన్నగా కనిపించే ప్లస్ ఒకటి అంటే మర్నాడు అని అర్థం.

ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి

ఏ యాప్ చూపించని దూరం ఇంకొకటుంది. నెల్లూరు దగ్గర్లో కడతామంటున్న దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్లుగా వింటున్నాం. ప్రస్తుతానికి నెల్లూరువాళ్లకు అమెరికా ప్రయాణమంటే మొదటి మజిలీ చెన్నై మీనంబాకం విమానాశ్రయమే. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ, రెడ్‌హిల్స్ మీదుగా 190 కిలోమీటర్ల దాకా, చెన్నై ట్రాఫిక్‌తో కలిపి నాలుగు గంటలు. ఒంగోలువాళ్ల లెక్క వేరు. వాళ్లకు చెన్నై 300 పైన, హైదరాబాద్ కూడా ఇంచుమించు అంతే. హైదరాబాద్ ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడి నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లే, విమానంలో అర్ధగంట కలిసొస్తుంది. చెన్నై వైపు జాతీయ రహదారి, రైళ్లూ సుళువు. పెద్దవాళ్లను పంపేటప్పుడు ఆ అర్ధగంట కంటే తోడెళ్లేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారన్నదే ముఖ్యమని ఒంగోలు మిత్రులు చెబుతుంటారు.

మా వీధి పెద్దావిడ ముందురోజు రాత్రి 8 గంటలకు నెల్లూరులో కారెక్కింది. డాలస్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్ వరస, సామాను, కూతురింటికి కారు. సాయంత్రం 6కి గుమ్మం తొక్కింది. మన గడియారంలో అది తెల్లవారి ఐదున్నర. మొత్తం 33 గంటల 30 నిమిషాలు, అందులో విమానాల్లో గడిచింది 20. పదహారు వేల చిల్లర కిలోమీటర్లను ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం గంటకు 480.

విమానం దిగగానే ఫోన్ వస్తుందని ఆయన రాత్రి మూడింటి నుంచి కూర్చున్నారట. వరసలో ఫోన్ తీయనివ్వరు, గంటన్నర పడుతుంది అని ముందే చెప్పాను కాబట్టి కంగారు పడలేదన్నారు. నాలుగున్నరకు మోగింది. "అక్కడ సాయంత్రం ఐదు, అంతే గదా నాయనా" అని పొద్దున పాలు పోయించుకుంటూ ఆయనే నాకు లెక్క చెప్పారు.